పెట్టె మీద నేను అంటించిన నంబరు

నేను సిగ్గరిని కాదు. నాకు వినపడదు.

ఈ రెండు మాటలు పక్కపక్కన పెట్టి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఏడో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను, అందులోనూ రాయలేదు. చుట్టాలొస్తే లోపలి గదిలోకి వెళ్ళిపోయే పిల్ల, పదిమందిలో నోరెత్తని పిల్ల, పలకరిస్తే నవ్వి తలూపే పిల్ల. నర్సీపట్నంలో మా వీధివాళ్ళంతా నన్ను అలాగే ఎరుగుదురు. "మా హైమ నోట్లో నాలుక లేని పిల్ల" అని అమ్మ కాస్త గర్వంగానే చెప్పుకునేది. నాలుకకేం, బాగానే ఉంది. చెవులే సరిగా లేవు. ఎదుటివాళ్ళ మాట సగమే అందేది. మళ్ళీ చెప్పమంటే చెవిటిదంటారు. నవ్వి తలూపితే సిగ్గరి అంటారు. పన్నెండేళ్ళ వయసులో ఆ రెండిట్లో రెండోదాన్ని ఎంచుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ దాకా దానితోనే బతికాను. పుస్తకాలతో మాత్రం ఈ బెంగ లేదు. పుస్తకం తల పక్కకు తిప్పుకుని మాట్లాడదు.

కుడి చెవికి ఆపరేషనయి ఆరు నెలలు దాటింది. ప్రమాదం గడిచిందని డాక్టరు చెప్పారు. నాలాగే ఎక్కడో బెంచీ చివర కూర్చుని తలూపుతున్నవాళ్ళు ఇది చదివితే ఒక్కరైనా ముందుగా చెవి చూపించుకుంటారేమోనని రాస్తున్నాను. ఇది ఒక కారణమే. చెవుడు సిగ్గుపడాల్సిన సంగతి కాదని ఇప్పుడు నాకు తెలుసు. సిగ్గుపడాల్సిన పని వేరే చేశాను.

డిగ్రీ అయ్యాక ఆస్పత్రికి వెళ్ళే రోడ్డులో ఒక సర్జికల్ షాపులో బిల్లింగుకు చేరాను. బీపీ మిషన్లు, షుగరు మిషన్లు, నడుము బెల్టులు, వాకర్లు అమ్మే చిన్న షాపు. యజమాని మూర్తిగారు మంచివారు. ఇప్పటికీ ఆ మాటే అంటాను. వచ్చినవాళ్ళు డాక్టరు చీటీ చూపిస్తారు, లేదా వస్తువును వేలితో చూపిస్తారు. మాటలతో పెద్దగా పని ఉండేది కాదు. అందుకే ఆ ఉద్యోగం నాకు సరిపోయింది.

పోయిన ఏడాది నవంబరులో విశాఖ డీలరు దగ్గర్నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. దానిలో రెండు డజన్ల చెవి మిషన్లు. చిక్కుడు గింజంత ఉంటాయి, చెవిలో దూర్చుకోవడమే. ఏ దేశం కోసమో తయారై, అక్కడ మిగిలిపోయి, చేతులు మారుతూ మా దాకా వచ్చిన సరుకు. పెట్టెల మీద ఇంగ్లీషుతో పాటు నాకు తెలియని లిపులు రెండు ఉన్నాయి. మన దేశంలోకి తెచ్చిందెవరో, వాళ్ళ లైసెన్సు నంబరు ఏమిటో ఎక్కడా లేదు. ఆ మధ్య తనిఖీకి వచ్చినాయన, నంబరు లేని సరుకు బీరువాలో కనపడకూడదని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

మూర్తిగారు కుర్చీ నా బల్ల దగ్గరికి జరుపుకున్నారు. నాతో ఎప్పుడూ ఎదురుగా కూర్చునే మాట్లాడేవారు. నాకు వినపడదని తెలిసి కాదు, ఆయన అలవాటు అది.

"అమ్మాయ్, చిన్న లేబులొకటి కొట్టు. పాత చెవి మిషను పెట్టె ఉంది సూడు, దాని మీద లైసెన్సు నంబరుంటాది. అదే ఏసీ."

"అది వేరే కంపెనీది కదండీ."

"అదీ సెవి మిషనే, ఇదీ సెవి మిషనే. ఏటి తేడా? సూసేవోడికి నంబరు కావాల, కొన్నోడికి ఇనపడాల. అంతే కదా."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను, తలూపాను. ఈసారి అన్నదంతా వినపడే తలూపాను.

లేబుళ్ళు చక్కగా వచ్చాయి. అక్షరాల సైజు, చుట్టూ సన్నటి గీత, అన్నీ పాతపెట్టె మీద ఉన్నట్టే దిద్దాను. ఎక్కడ అంటించాలని అడిగాను. పెట్టె వెనక వైపంతా సన్నటి అక్షరాలు. "ఆ సీమల బారు మీద అంటించీ. ఎవడు సదూతాడు?" అన్నారు.

నేను చదివాను.

పల్లీల పొట్లం విప్పి కాగితం చదవకుండా పారేయలేని మనిషిని నేను. ఆ సన్నటి అక్షరాల పక్కన ఒక చెవి బొమ్మ, దాని కింద ఒక చుక్క, మీద అడ్డగీత ఉన్నాయి. చెవిలోంచి చీముగాని రక్తంగాని కారుతుంటే, నొప్పి ఉంటే, కళ్ళు తిరుగుతుంటే, ముందు డాక్టరుకు చూపించుకోకుండా దీన్ని వాడవద్దని రాసి ఉంది. మొత్తం చదివాను. చదివాక మొదటి లేబులు దాని మీద అంటించాను. లోపల గాలి బుడగ లేకుండా గోటితో నొక్కి సాపు చేశాను. తర్వాత మిగిలిన ఇరవై మూడు.

నా కుడి చెవిలోంచి చిన్నప్పటి నుంచీ చీము కారేది. వానాకాలం వస్తే మొదలు. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసి దూది పెట్టేది. కొన్నాళ్ళకు ఆగేది, మళ్ళీ వచ్చేది. చీము ఆగినప్పుడల్లా రోగం పోయిందనుకునేవాళ్ళం. ఆ నవంబరులో చెవి పొడిగా ఉంది.

ఒక సాయంత్రం మూర్తిగారు టీకి వెళ్ళినప్పుడు ఒక మిషను తీసి చెవిలో పెట్టుకున్నాను. షాపులో ఫ్యాను కిర్రుమంటుందని రెండేళ్ళుగా ఆ ఫ్యాను కిందే కూర్చున్న నాకు అప్పుడే తెలిసింది. ప్లాస్టిక్ కవరు ముట్టుకుంటే వాన కురిసినట్టుంది. రోడ్డవతల ఆటోవాళ్ళు "తునీ, తునీ" అని కేకేస్తున్నారు. వాళ్ళ నోళ్ళు కదలడం రోజూ చూస్తున్నాను కాని అది పాటలా ఉంటుందని తెలీదు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు చప్పుడు కూడా వినపడింది.

ఆ మిషనును నా పేరునే బిల్లు కొట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. చెవి మీదికి జుట్టు దువ్వుకునేదాన్ని. అమ్మకు కూడా చెప్పలేదు. హెచ్చరిక చదివినదాన్ని ఎలా పెట్టుకున్నానని ఇప్పుడు ఎవరైనా అడుగుతారు. డాక్టరు దగ్గరికి వెళ్తే చెవుడు బయటపడుతుంది. నా తల్లో ఉన్నది అదొక్కటే.

డిసెంబరులో పైడమ్మ గారు వచ్చారు. నాతవరం దాటాక ఒక పల్లె నుంచి, ఒంటరిగా. అరవై ఏళ్ళుంటాయి. చెవిలో మిషను పెట్టగానే ఆవిడ పకపకా నవ్వేసింది. "నా నవ్వు ఇలాగుంటాదేటి, గేదె దగ్గినట్టుందే!" అంది. షాపులో అందరం నవ్వాం. తర్వాత మిషను తీసి నా చేతికిచ్చి, పెట్టెను అటూ ఇటూ తిప్పుతూ, చెవి దగ్గర వేలు పెట్టి చూపిస్తూ ఏదో అడిగింది. ఆ రోజు నా చెవి దురద పెడుతుంటే మిషను సొరుగులో పెట్టేశాను. ఆవిడ తల వంచుకుని అడిగింది. నాకు అందలేదు.

నవ్వి తలూపాను.

ఆవిడ కూడా నవ్వి, పెట్టె మీద నంబరును బొటనవేలితో నిమిరి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

జనవరి కల్లా దురద పోయి చీము వచ్చింది. వాసన కూడా. మిషను ఇంకా లోపలికి నొక్కుకున్నాను, చీము అడ్డంవస్తే మాట అందడం లేదని. పండగ వెళ్ళాక ఒక పెళ్ళి ఊరేగింపు షాపు ముందుకొచ్చింది. డీజే బండి సరిగ్గా మా మెట్ల దగ్గర ఆగింది. ఆ మిషనుకు హద్దు లేదు. గుసగుసను ఎంత పెంచుతుందో డప్పునూ అంతే పెంచింది. చెవిలో మేకు దిగినట్టయింది. పీకి పారేసేలోపు నేల పక్కకు ఒరిగిపోయింది. లేచి నిలబడబోతే షాపు నా చుట్టూ తిరిగింది. ఆ తర్వాత నాలుగు రోజులు మంచం మీదే. తల కదిపితే వాంతి. చెవి వెనక నిమ్మకాయంత వాపు. అమ్మ వెల్లుల్లి నూనె గిన్నెతో వస్తే, జీవితంలో మొదటిసారి ఆమె చెయ్యి తోసేశాను. నూనె దుప్పటి మీద ఒలికింది.

"ఏటే, నీకేటొచ్చింది?" అంది అమ్మ. అది వినపడలేదు. పెదవులు చూసి తెలుసుకున్నాను.

నాన్న రెవెన్యూ ఆఫీసులో రికార్డులు చూస్తారు. ఇంట్లో కూడా ఫైలు తెరిచినంత నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆయనే నన్ను ఊళ్ళో డాక్టరుకు చూపించారు. ఆ డాక్టరు టార్చి వేసి చూసి, రెండు నిమిషాల్లో విశాఖ పెద్దాస్పత్రికి చీటీ రాసిచ్చేశాడు.

చెవుల డాక్టరు గది ముందు నంబర్లు నోటితో కేకేసి పిలుస్తారు. ఇది ఎవరికీ తోచలేదేమో. వరండా నిండా వినపడనివాళ్ళం, అందరి కళ్ళూ ఆ తలుపు మీదే. తలుపు తెరుచుకుంటే చాలు, ఏడెనిమిది మంది ఒకేసారి లేచి నిలబడేవాళ్ళు. అమ్మ మందుల కోసం వెళ్ళినప్పుడు నా నంబరు రెండుసార్లు పోయింది. నా పక్కన ఒకామె చంటిపిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది. మూడోసారి ఆమే నా చేతిలో చీటీ లాక్కుని చూసి, నంబరు రాగానే మోకాలి మీద తట్టింది. అడిగానా, ఏమైనా చెప్పానా? ఏమీ లేదు. ఆమె తన నంబరు వచ్చేదాకా నాకే కాదు, అటు పక్కన ఉన్న తాతగారికి కూడా తట్టి చెబుతూనే ఉంది. ఆమె పేరు కనుక్కోలేదు. డైరీలో "మోకాలి మీద తట్టినామె" అని రాసుకున్నాను.

"ఎప్పటినుంచి వినపడటం లేదు?" అని డాక్టరు గారు అడిగారు.

"అబ్బే, వినపడక కాదండీ," అంది అమ్మ. "దానికి సిగ్గెక్కువ."

డాక్టరు గారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

వినికిడి పరీక్ష గదిలో నీరజ గారని ఒక ఆడియాలజిస్టు. నాకంటే నాలుగైదేళ్ళే పెద్ద. నన్ను గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా వేలెత్తమన్నారు. స్కూల్లో ఇలాంటి పరీక్షలో నెగ్గిన అనుభవం నాకుంది. మీట నొక్కేవాళ్ళ భుజం కదులుతుంది, అప్పుడు వేలెత్తాలి. నాలుగుసార్లు ఎత్తాను. ఐదోసారి ఆవిడ మీట నొక్కకుండా ఊరికే భుజం కదిపారు. నేను వేలెత్తాను. ఆవిడ తలుపు తీసుకుని లోపలికొచ్చి, నవ్వకుండా, కోప్పడకుండా నా కుర్చీని గోడ వైపు తిప్పి వెళ్ళారు.

గోడ వైపు తిరిగాక, కుడి చెవిని పరీక్షించిన ఆ పది నిమిషాలూ నేనేమీ వినలేదు. వేలెత్తనూ లేదు.

ఫలితం కాగితం మీద రెండు గీతలుగా వచ్చింది. ఎడమది మధ్య దాకా దిగింది. కుడిది అడుగున పాకుతోంది. అమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుంది. చదువుకున్న మనిషే, కాని ఆ గీతల్లో ఏముందో తెలీదు. "పన్నెండేళ్ళా?" అని మాత్రం అడిగింది. "పన్నెండేళ్ళు నాతో ఒకే ఇంట్లో ఉండి, చెప్పొచ్చు కదే?"  ఆమె పోసిన నూనె గురించి కూడా ఆ రోజే డాక్టరు గారు చెప్పారు, చెవికి చిల్లి ఉన్నప్పుడు ఏదీ పోయకూడదని. ఆ రాత్రి ఎవరి తప్పు వాళ్ళు పళ్ళెంలో పెట్టుకుని తిన్నాం.

ఆపరేషనుకు ముందురోజు, చెవిలో ఏమైనా పెట్టుకున్నావా అని డాక్టరు గారు గట్టిగా అడిగితే మిషను సంగతి చెప్పాను, దాని పెట్టె తెమ్మన్నారు. నాన్న నర్సీపట్నం వెళ్ళి నా పుస్తకాల వెనక దాచినదాన్ని వెతికి తెచ్చారు. డాక్టరు గారు పెట్టె తిప్పి చూసి, "లైసెన్సు నంబరుందే!" అన్నారు ఆశ్చర్యంగా. వైద్యపరికరం వల్ల హాని జరిగితే ప్రభుత్వానికి తెలియజేసే ఫారం ఒకటుందట. అది నింపుతామన్నారు. "ఈ నంబరు గల కంపెనీని అడుగుతారు. హెచ్చరికలు లేకుండా ఎలా అమ్ముతున్నారో వాళ్ళే చెప్పాలి" అన్నారు. "నీకు అభ్యంతరం లేదుగా?"

ఆ కంపెనీకి దీనితో ఏ సంబంధమూ లేదు. హెచ్చరిక లేకపోవడం కాదు, ఉంది. లేబులు కింద ఉంది. ఇవన్నీ నాకు తెలుసు.

తలూపాను.

చీము చెవి వెనక ఎముక దాకా పాకింది, దాన్ని తొలిచి శుభ్రం చేశారు. ఆ చెవిలో వినికిడి దాదాపు పోయింది. ముఖం వంకరపోకుండా, మెదడు దాకా వెళ్ళకుండా ఆపగలిగారు, అది అదృష్టమన్నారు. తలకు పెద్ద కట్టుతో పన్నెండు రోజులు వార్డులో ఉన్నాను. పుస్తకం పట్టుకుంటే అక్షరాలు ఊగేవి. ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుని కొంచెం కొంచెంగా చదివాను, ఆ చిక్కుడు గింజంత వస్తువు గురించే.

కొన్ని దేశాల్లో పెద్దవాళ్ళు డాక్టరు చీటీ లేకుండానే చెవి మిషను కొనుక్కోవచ్చునట. కాని అది చప్పుడును ఎంతవరకు పెంచవచ్చో హద్దు ఉంటుంది. చీము, నొప్పి, కళ్ళు తిరగడం, వీటి గురించిన హెచ్చరిక పెట్టె విప్పక ముందే బయటికి కనపడాలి. ఇంకొన్ని దేశాల్లో పరీక్షల కాగితాలన్నీ చూపించి ఒక గుర్తు తెచ్చుకుంటేనే అమ్మనిస్తారు. మన దగ్గర కూడా కొన్నేళ్ళుగా ఇవి మందుల చట్టం కిందికే వచ్చాయి, తయారుచేసినవాళ్ళకో దిగుమతి చేసినవాళ్ళకో లైసెన్సు ఉండాలి. మళ్ళీ అదే వస్తువుకు "చెవి మిషను" అని కాక "శబ్దం పెంచే సాధనం" అని పేరు పెడితే, చాలాచోట్ల దాన్ని ఎవరూ పరీక్షించరట. చెవి ఒకటే. దేశం మారితే, పేరు మారితే, దానికున్న కాపలా మారిపోతుంది. నా పెట్టె వచ్చిన దేశంలో ఎవరో ఒకరు కూర్చుని, చీము కారే చెవి ఉన్న మనిషిని, అంటే నన్ను, ఊహించుకుని ఆ నాలుగు వాక్యాలు రాసి ఉంటారు. ఆ మాట సముద్రం దాటి నర్సీపట్నం దాకా క్షేమంగానే వచ్చింది. ఇక్కడ నేను దాని మీద లేబులు అంటించాను.

కట్టు విప్పిన రోజు నీరజ గారు ఎడమ చెవికి కొలతలు తీసుకోవడానికి వచ్చారు. బల్ల మీద ఆ పెట్టె ఉంది. ఫారం కూడా ఉంది, సగం నింపి. దూది నీళ్ళలో తడిపి లేబులు మీద అద్దాను. గాలి బుడగ లేకుండా అంటించినందువల్ల త్వరగా ఊడలేదు. గోటితో అంచు లేపి, కొంచెం కొంచెంగా లాగాను. కింద ముందు చెవి బొమ్మ వచ్చింది, తర్వాత చుక్క, ఆ తర్వాత అక్షరాలు.

నీరజ గారు వంగి చదివారు. "ఇది కింద ఉందని మీకెలా తెలుసు?"

"నేనే అంటించాను."

"తెలీకనా?"

అవునంటే సరిపోయేది. "చదివే అంటించాను" అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలీదు. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు.

ఆవిడ నన్ను తిట్టలేదు. ఫారం తీసి, అంతకుముందు రాసింది కొట్టేసి, పెన్ను నాకిచ్చారు. నేను రాస్తుండగా అడిగారు, "ఎన్ని అమ్మారు?"

"ఏడు. నాది కాక ఆరు."

"ఆ ఆరుగురివీ చెవులే కదమ్మా."

ఏప్రిల్లో ఎడమ చెవికి పరీక్షించి అమర్చిన మిషనుతో ఇంటికి వచ్చాను. మర్నాడే షాపుకు వెళ్ళాను. జుట్టు వెనక్కి దువ్వుకుని వెళ్ళాను. మూర్తిగారు మిషను చూశారు, చెవి వెనక కుట్ల గీత చూశారు. అప్పటికే తనిఖీవాళ్ళు వచ్చి మిగిలిన పెట్టెలకు సీలు వేసి వెళ్ళారు. ఆయనకు నోటీసు వచ్చింది.

"నా పేరు సెప్పకుండా అయిపోదేటి అమ్మాయ్?" అన్నారు.

"నా పేరు కూడా చెప్పానండీ."

 ఆయన బిల్లు పుస్తకం తీసి నా ముందు పెట్టి, "అమ్మింది నువ్వే, నీ అక్షరాలే, సూసుకో" అన్నారు. వదిలించుకోవడానికి అన్నారో, సాయానికి అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఐదుగురికి ఫోను నంబర్లున్నాయి. ఫోనులో మాట నాకు ఇప్పటికీ సరిగా అందదు. అమ్మే చేసింది. నా పక్కన కూర్చుని ఒక్కొక్కరికీ, "మా పిల్ల తప్పు చేసిందండీ, ఆ మిషను పెట్టుకోకండి" అని చెప్పింది. నోట్లో నాలుక లేని పిల్ల అని చెప్పుకున్న అదే గొంతుతో. ఐదుగురూ తెచ్చి ఇచ్చేశారు. ఒకాయన అసలు వాడనేలేదట. దేవుడి దయ అనుకున్నాం.

ఆరో బిల్లు మీద ఫోను లేదు. పి. పైడమ్మ, ఊరి పేరు, అంతే.

నాతవరం దాకా షేరాటోలో వెళ్ళి, అక్కణ్ణుంచి తాండవ కాలవ గట్టున నడిచాను. అమ్మ వస్తానంది. వద్దన్నాను. ఊళ్ళో అడిగితే ఇల్లు చూపించారు. పైడమ్మ గారు వాకిట్లో పీట మీద కూర్చుని జీడిపిక్కలు ఎండబోస్తోంది. నన్ను గుర్తుపట్టింది. "సిస్టరమ్మా, ఇలాగొచ్చినావేటి!" అని పక్కన చాప చూపించింది. ఆవిడ కుడి పక్కన కూర్చున్నాను.

ఆటోలో కూర్చుని ఏం చెప్పాలో వరసగా అనుకున్నాను. తల వంచుకుని, లోగొంతుతో, అనుకున్నట్టే మొత్తం చెప్పాను. లేబులు, నంబరు, కింద రాసి ఉన్నది, నేను చదివింది. చెప్పడం అయిపోయాక తలెత్తాను. ఆవిడ పిక్కలు తిరగేస్తూనే ఉంది.

"ఏటైనా సెప్తన్నావా తల్లీ?" అంది. "ఇటేపొచ్చి సెప్పు. ఆ సెవి బొత్తిగా పోనాది."

లేచి అటు పక్కకు వెళ్ళాను. ఆ చెవీ అంతంత మాత్రమే. ఒక చెవిటి మనిషి ఇంకో చెవిటి మనిషికి రహస్యంగా తప్పు ఒప్పుకోవడం కుదరదు. అరిచి చెప్పాల్సి వచ్చింది. ప్రతి మాటా. రెండో వాక్యానికి పక్కింటివాళ్ళు గోడ మీదికి వచ్చారు. నాలుగో వాక్యానికి ఆవిడ కోడలు నూకరత్నం చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"సదివినావా?" అంది నూకరత్నం. "సదివీ అంటించినావేటి? సదూకున్న గుంటవి, నీకు సెయ్యెలాగొచ్చింది? మేవంటే సదువు రానోళ్ళం. ఆ నంబరు సూపించి మాయత్త ఊరందరికీ సెప్పుకుంది, గవర్మెంటు నంబరున్న మిషనని!"

"ఊరుకోయే," అంది పైడమ్మ గారు. లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి, పసుపు గుడ్డలో చుట్టిన పెట్టెను తెచ్చింది. నా లేబులు కొత్తగా ఉన్నట్టే ఉంది. దాన్ని నా చేతిలో పెట్టకుండా తన ఒళ్ళోనే పెట్టుకుంది.

"ఆయేల నానడిగాను కదమ్మా నిన్ను. నా సెవిలో సీము కారతాది, ఇది ఎట్టుకోవచ్చా అని. నువ్వు తలూపినావు."

 చెవి దగ్గర వేలు పెట్టి ఆవిడ చూపించింది అదన్నమాట. నాకు వినపడలేదని చెప్పాను. ఆ మాట కూడా అరిచే చెప్పాను. నాకూ వినపడదు, అందుకే తలూపాను, చిన్నప్పటి నుంచీ అందరికీ అలాగే తలూపుతాను అని. ఎడమ చెవి వెనక ఉన్న మిషను చూపించాను, కుడి చెవి వెనక మచ్చ చూపించాను. జాలి కోసం చూపించానా అని ఆ రోజు డైరీలో ప్రశ్న వేసుకున్నాను. కొంత అవును.

ఆవిడ ఆ మచ్చను బొటనవేలితో తడిమింది, ఆ రోజు షాపులో నంబరును తడిమినట్టే.  ఆవిడ చెవి దగ్గర దూది చూశాను, పసుపుపచ్చగా. నాకు తెలిసిన వాసన వచ్చింది. చెవి వెనక వాపు మాత్రం ఇంకా రాలేదు. అది చెప్పాను. ఇప్పుడే చూపిస్తే అక్కడి దాకా పోకుండా ఆపుతారని, వచ్చే గురువారం నర్సీపట్నం ఆస్పత్రికి చెవి డాక్టరు వస్తారని, ముందు ఆయన చూసి చిల్లి సంగతి తేల్చాకే మిషను గురించి ఆలోచించాలని అరిచి అరిచి చెప్పాను. గొంతు బొంగురుపోయింది. నూకరత్నం లోపలికి వెళ్ళి, కోపం తగ్గకుండానే, చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది.

పైడమ్మ గారు ఒళ్ళో ఉన్న పెట్టెను అప్పుడు నా సంచిలో వేసింది. కాలవ గట్టు దాకా నాతో నడిచింది. నేను ఆవిడ వినపడే పక్కనే నడిచాను. ఆటో కనపడగానే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆస్పత్రిలో పేరెట్టి పిలిత్తారంట. నాకినపడదు. నా కోడలికి ఇంట్లో పని. నువ్వొచ్చి నా పక్కన కూకుంటావా?"

నేను తలూపాను.

"తలూపకు," అంది. "నోటితో సెప్పు."